పదకొండు మైక్రోల మనిషి

మంగళవారం పొద్దున తొమ్మిదీ పదికి, పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకోబోతూ సత్యానందం ఆగిపోతాడు.

చచ్చిపోవడం కాదు, ఆగిపోవడం. కుడిచెయ్యి నోటి దగ్గరుంది, ఎడమచెయ్యి అల్లప్పచ్చడి గిన్నె మీదుంది. ఒంట్లోంచి గుయ్‌మని సన్నగా మోత వస్తోంది. భార్య రత్నమాల భుజం మీద చెయ్యి వేస్తే చర్మం కింద వణుకు తెలుస్తోంది. కరెంటు వస్తోంది, మనిషి తిరగడం లేదు.

ఫ్యాను ఇలా చేస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు, కండెన్సర్ పోయిందని. ఆ బుల్లి డబ్బా పోయిన ఫ్యాను మోత పెడుతుందే గానీ కదలదు. కర్రతో రెక్కని తోస్తే నాలుగు చుట్లు తిరిగి మళ్లీ ఆగుతుంది. సామర్లకోట స్టేషన్ రోడ్డులో ముప్ఫయ్యేళ్లుగా ఆ డబ్బాలు మార్చేదీ, మోటార్లకి రాగితీగ చుట్టేదీ సత్యానందమే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టు, ఇవాళ ఆయనదే పోయింది.

రత్నమాల ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని గట్టిగా తోస్తుంది. ఆయన లేస్తాడు, రెండడుగులు వేస్తాడు, "కారం ఎక్కు..." అంటాడు, ఆగిపోతాడు. ఇంకోసారి తోస్తుంది. "...వైందే" అంటాడు. ఆగిపోతాడు. అంతే, ఎన్నిసార్లు తోసినా ఆ ఒక్క మాటకే సరిపోతోంది.

ఆమె గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పుస్తకంలో కెపాసిటర్ అని ఉన్నదాన్ని ఆయన కండెన్సర్ అంటాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మొగుడూ పెళ్లాలకి పడనిది ఆ ఒక్క పదం దగ్గరే. పిల్లలు లేరు.

ఆయన జుట్టులోంచి వార్నిష్ మాడిన వాసన మొదలవుతుంది. ఆ వాసనేమిటో ఆమెకి బాగా తెలుసు. తిరగకుండా మోత పెట్టే మోటారుని కట్టెయ్యకపోతే లోపలి తీగంతా కాలిపోతుందని ఆయనే రోజూ పదిమందికి చెబుతాడు. మరి మనిషిని ఎక్కడ కట్టెయ్యాలి? రత్నమాల గోడలన్నీ తడిమి చూస్తుంది. స్విచ్చు లేదు.

వీధరుగు మీది మీటరు పెట్టె తలుపు తెరుచుకుని లైనిన్‌స్పెక్టరమ్మ దిగుతుంది. పెట్టె చిన్నది గనక ముందు చెప్పులు బయట పెట్టి, తర్వాత తను దిగుతుంది. చీర మీద ఖాకీ చొక్కా, చేతిలో టెస్టరు. దాన్ని సత్యానందం మెడకి ఆనిస్తే దీపం వెలుగుతుంది.

"లైను బాగానే ఉందండి. కండెన్సరే."

"మార్చండి మరి!"

"మనుషులవి బజార్లో దొరకవండీ. ఇంట్లోవాళ్లే కండెన్సర్లు. ఈయన కొలత పదకొండు మైక్రోలు. ఎవరిది ఎంతో చెవెనకాల రాసుంటది, చూసుకోండి." ఆవిడ సత్యానందం కుడి బొటనవేల్లోంచి ఎర్రతీగ, ఎడమ బొటనవేల్లోంచి నల్లతీగ లాగి నేల మీద పెడుతుంది. "మూడింటికి ఈ వాసన జుట్టులోంచి నోట్లోకి వస్తది. ఆ తర్వాత కండెన్సర్ కట్టినా లాభం లేదండి."

అద్దంలో చూసుకుంటే రత్నమాల చెవి వెనక ఆరు అని ఉంది. పక్కవీధిలో బావగారు గంగరాజు ఇల్లు, అత్తగారు సూరమ్మ ఉండేదీ అక్కడే. కబురందగానే ఇద్దరూ చేతిలో పని చేతిలో వదిలేసి వస్తారు. ఆయన చెవి వెనక మూడు. ఆవిడ చెవి వెనక, తెల్లవెంట్రుకలు పక్కకి తీస్తే, రెండు.

ఆరూ మూడూ రెండూ పదకొండు. రత్నమాలకి నవ్వు, ఏడుపు కలిసి వస్తాయి. హమ్మయ్య! ఇంతేనా, దీనికా ఇంత హైరానా పడ్డాను అనుకుంటుంది.

"పెద్దోళ్లు ముందు" అంటుంది సూరమ్మ. ఆ మాట అనగానే హాలు గోడలు రెండువైపుల నుంచీ దగ్గరికి జరిగి, ఒక్క మనిషి పట్టేంత నడవ అవుతుంది. ముందు సూరమ్మ నిలబడి ఎర్రతీగ పట్టుకుంటుంది. ఆవిడ వెనక గంగరాజు తల్లి చెయ్యి పట్టుకుంటాడు. ఆయన వెనక, ఆరు మూరల దూరంలో, రత్నమాల.

ఆ దూరం ఇవాళ్టిది కాదు. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదట పడదు, పక్కన అసలే నిలబడదు. ఆయన వస్తే వంటింటి తలుపు వెనక్కి వెళ్తుంది. ఏదైనా చెప్పాల్సొస్తే మధ్యలో అత్తగారుండాలి. రెండొందలమంది కుర్రాళ్ల ముందు గొంతెత్తి పాఠం చెప్పే మనిషే ఇంటికొచ్చి తలుపు చాటున నిలబడుతుంది. పోనీ ఆయనేమైనా కోపిష్టివాడా అంటే, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, అలా జరిగిపోయిందంతే. ఇప్పుడు కూడా ఆయన చెయ్యి ఇవ్వడు. కండువా కొస వెనక్కి వదులుతాడు, ఆమె దాన్ని పట్టుకుని రెండోచేత్తో నల్లతీగ అందుకుంటుంది.

సత్యానందం ఎడమ కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంటుంది. అంతే.

నల్లతీగ చంకలో ఇరికించి రత్నమాల గోడ మీద సుద్దముక్కతో లెక్క వేస్తుంది. ఆరో వంతు, మూడో వంతు, సగం. కలిపితే ఒకటి. తలకిందులు చేసినా ఒకటే. పదకొండు కాదు, ఒకటి. కెపాసిటర్లు ఒకదాని వెనక ఒకటి కడితే మొత్తం కూడదు, అన్నిటికంటే చిన్నదానికన్నా చిన్నదైపోతుంది. శ్రేణి సంధానం, రెండో సంవత్సరం పాఠం. ఈ తప్పు చేసినవాళ్లకి ఆమె ఎప్పుడూ అరమార్కు కూడా వెయ్యలేదు. అలాంటిది తనే వెళ్లి లైన్లో నిలబడింది. సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

గంగరాజుకి మాత్రం ఆ కనురెప్ప చూసి ప్రాణం లేచొస్తుంది. "అమ్మా, మనుషులు చాలట్లేదు. చుట్టాల్ని పిలుద్దాం."

"వద్దని చెప్పండత్తయ్యగారూ! వెనకాల మనిషి పెరిగినకొద్దీ తగ్గిపోతుంది."

సూరమ్మ కొడుకు వైపు తిరుగుతుంది. "మరీ జనమెక్కువైతే గాలాడదంటందిరా."

"గాలిదేవుంది, తలుపులు తీద్దాం" అంటాడు గంగరాజు.

చుట్టాలు వస్తారు. పెద్దాపురం నుంచి, జగ్గంపేట నుంచి, తుని నుంచి. చేతిలో పళ్లు, మొహంలో దిగులు. "మేమందరం నీ వెనకే ఉన్నామమ్మా" అంటూ ఒక్కొక్కరే రత్నమాల వెనక చేరతారు. మనిషి చేరినప్పుడల్లా నడవ ఒక మూర పొడుగవుతుంది. వీధి దాటుతుంది, మార్కెట్టు దాటుతుంది, చివరి చుట్టం స్టేషన్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. నల్లతీగ ఆయన చేతిలో ఉంది.

సత్యానందం మోత తగ్గుతూ వస్తోంది. వాసన పెరుగుతోంది.

రత్నమాల కండువా వదిలేసి ఆ వరస వెంబడి పరుగెత్తుతుంది. ప్రతి ఒక్కరి చెవి వెనకా చూస్తుంది. పాయింటు సున్నా ఒకటి. పాయింటు సున్నా రెండు. పళ్లబుట్టంత మనిషికి పాయింటు సున్నా అర! "వెనకాల కాదు బాబాయిగారూ, పక్కన నిలబడండి. మీ కాళ్లకి దణ్ణం పెడతాను. అందరూ పక్కపక్కనే నిలబడితే కాస్తో కూస్తో కలుస్తుంది."

"పక్కనంటే మొత్తం షాకు ఎవరిది వాళ్లకే తగులుద్ది కదమ్మా?"

"తగులుతుందండి."

"అబ్బే. ఎనకాలైతే ఎంతసేపైనా ఉంటాం గానీ..." అని ఆయన గడియారం చూసుకుంటాడు. విశాఖపట్నం ప్యాసింజరు వస్తుంది. అందరూ ఎక్కేస్తారు. కిటికీల్లోంచి చేతులూపుతూ ధైర్యం చెబుతారు. వాళ్లని అనుకుని ఏం లాభం, రత్నమాల మాత్రం ఇన్నాళ్లూ ఎవరి పక్కన నిలబడింది గనక! నడవ మళ్లీ పొట్టిదై ఆమెని హాల్లోకి లాక్కొచ్చి పడేస్తుంది.

పావుతక్కువ మూడు. ముగ్గురూ మళ్లీ వరసలో ఉన్నారు, ఇంకేం చెయ్యాలో తెలియక. లైనిన్‌స్పెక్టరమ్మ టెస్టరుతో ఒక్కొక్కరినీ ముట్టుకుని చూస్తుంది.

"అమ్మగారికి నూటిరవై వోల్టులు తగుల్తన్నాయండి. బాబుగారికి ఎనభై. మీకు నలభై."

నలభై. పొద్దుటినుంచి ఈ ఇంట్లో తన ఒక్కదాని గుండే పగులుతోందనుకుంది రత్నమాల. వరసలో కడితే అందరికంటే చిన్నదాని మీదే ఎక్కువ భారం పడుతుందని ఎన్ని వందలసార్లు చెప్పిందో. ముందుకి తొంగి చూస్తే అత్తగారి తెల్లజుట్టు నిటారుగా లేచి ఉంది. ఎనభై నాలుగేళ్ల మనిషి సగం దెబ్బ తనే కాస్తూ, పళ్లు బిగించి, ఒక్క మూలుగు కూడా లేకుండా నిలబడి ఉంది.

"బావగారూ" అంటుంది రత్నమాల.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి. గంగరాజు ఉలిక్కిపడి తల్లి వైపు చూస్తాడు. ఆ మాట తల్లి నోటి నుంచి వస్తుందేమోనని ఎదురు చూస్తాడు.

"మిమ్మల్నేనండీ బావగారూ. ఇలా వచ్చి నా పక్కన నిలబడండి. భుజానికి భుజం ఆనించి. ఎర్రతీగ అందరి ఎడమచేతుల్లోనూ ఉండాలి, నల్లతీగ అందరి కుడిచేతుల్లోనూ ఉండాలి. మర్యాద తర్వాత చూసుకుందాం, మీ తమ్ముడు కాలిపోతున్నారు."

ఆయన కళ్లు మూసుకుంటాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు పక్కకి వేస్తాడు. ఆ పక్క గోడ ఆయనకి చోటిస్తూ జరుగుతుంది. ఇద్దరి భుజాలూ ఆనుతాయి. రెండొందల నలభై వోల్టులు ఒక్కసారిగా తగిలేసరికి రత్నమాలకి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇదా, ఇంత ఉందా ఇది! బావగారు "అమ్మో" అంటాడు, అయినా వదలడు.

సూరమ్మ మూడో మనిషిగా చేరడానికి వస్తోంది. ఎడమచేత్తో ఎర్రతీగ పట్టుకుంది. లైనిన్‌స్పెక్టరమ్మ ఆవిడ చెవి వెనక అద్దం పెట్టి మళ్లీ చూస్తుంది.

"రెండు కింద చిన్నక్షరాలు ఉన్నాయండి. నూటయాభై వోల్టులు అని. అంతకి మించి ఓర్చుకోలేరు. నల్లతీగ కూడా పట్టుకున్నారంటే ఉబ్బి పగిలిపోతారు."

"పగలనియ్యి" అంటుంది సూరమ్మ. "చూసిందంతా చూసేశాను. మా నాన్న లేచి నడిస్తే చాలు."

"ఆవిడ లేకపోతే?" అని అడుగుతుంది రత్నమాల.

"తొమ్మిది అవుద్దండి. కాసేపు పట్టుకుంటే తొమ్మిదికీ తిరుగుతారు. కాకపోతే ఎనక్కి."

"వెనక్కంటే?"

"వచ్చిన దారినే. ఏడాదికి అయిదు నిమిషాలు పడుద్ది. మీరిద్దరూ పట్టుకున్నంతసేపూ తిరుగుతారు. ఎవరు వదిలినా ఆగిపోయి కాలిపోతారు."

మూడింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది. రత్నమాలకి ఆ క్షణాన ఒప్పేసుకోవాలనే ఉంది. దాచడమెందుకు, ఉంది. ముసలావిడ తనంతట తనే పోతానంటోంది, పదకొండు అవుతుంది, మొగుడు లేచి కారం ఎక్కువైందని సణుగుతాడు, పొద్దుటి పెసరట్టు పూర్తి చేస్తాడు. నోరు విప్పకుండా ఊరుకుంటే చాలు.

సూరమ్మ కుడిచెయ్యి నల్లతీగకి బెత్తెడు దూరంలో ఉంది. ఆవిడ పొట్ట అప్పుడే ఉబ్బుతోంది. లేచాక ఆయన మొట్టమొదట ఏమడుగుతాడో రత్నమాలకి తెలుసు. అమ్మేదే, అంటాడు.

ఆమె మోచేత్తో అత్తగారి చేతిని పక్కకి కొడుతుంది. ఎర్రతీగ కూడా ఆవిడ గుప్పిట్లోంచి లాగేస్తుంది. "కూర్చోండత్తయ్యగారూ. ఇద్దరమే పట్టుకుంటాం."

"వాణ్ణి ఎనక్కి పంపేస్తావా?"

"పంపేస్తాను" అంటూ ఆమె బావురుమంటుంది. ఏడుస్తూనే తీగలు బిగించి పట్టుకుంటుంది.

లైనిన్‌స్పెక్టరమ్మ టెస్టరు జేబులో పెట్టుకుని మీటరు పెట్టెలోకి ఎక్కుతుంది. చెప్పులు అరుగు మీదే మర్చిపోతుంది.

మూడింటికి సత్యానందం తిరగడం మొదలుపెడతాడు. ముందు "కారం ఎక్కువైందే" అన్న మాట గాల్లోంచి ఆయన నోట్లోకి వెళ్తుంది. నోటి దగ్గరి ముక్క పెసరట్టుకి అతుక్కుంటుంది. వాసన తగ్గుతుంది. ఆయన వెనక్కి నడుస్తూ తలుపు దాటి షాపుకి వెళ్తాడు, షాపు నుంచి వెనక్కి వస్తాడు, తీగలు ఆయన వెంట సాగుతూనే ఉంటాయి. ఆయనకి నొప్పి లేదు. అది చూసి రత్నమాలకి కాస్త ఊపిరి ఆడుతుంది.

కానీ మాటలన్నీ వెళ్లిపోతున్నాయి. ఆయన ఆమెతో అన్న ప్రతి మాటా గోడల్లోంచి, పరుపులోంచి, వంటింటి డబ్బాల్లోంచి లేచి ఆయన నోట్లోకి పోతోంది. "జ్వరంతో నువ్వెందుకు లేవడం, అన్నం నేను పడేస్తాలే." పోయింది. "పిల్లలు లేకపోతే ఏవైందే, కాలేజీలో రెండొందలమంది ఉన్నారుగా నీకు." పోయింది. లోపలికి పోయిన మాట ఆమెకి ఇక గుర్తుండదు. ఏదో పోయిందని మాత్రం తెలుస్తోంది, పన్ను ఊడిన చోట నాలుక వెతుక్కున్నట్టు.

"ఏం మాటలో అవి, మళ్లీ ఒక్కసారి చెప్పండి" అని అరుస్తుంది. ఆయన జుట్టు నల్లబడుతోంది, పొట్ట తగ్గుతోంది. వినపడదు.

సూరమ్మ నేల మీద కూర్చుని కొడుకునే చూస్తోంది. కాసేపటికి ఆవిడ మొహం విచ్చుకుంటుంది. ఆపుకోవాలని చూస్తుంది గానీ ఆగదు. "ఎనక్కెళ్తే ఎక్కడికెళ్తాడే రత్నం? నా దగ్గరికేగా" అంటుంది.

నాలుగూ నలభై తొమ్మిదికి హాలు పెళ్లిపందిరి అవుతుంది. సత్యానందం పట్టుపంచెతో, నుదుట బాసికంతో, వెనక్కి నడుచుకుంటూ ఆమె వెనకాలకి వస్తాడు. మెడ మీద ఆయన వేళ్లు తగులుతాయి. మొదటి ముడి విప్పుతాడు. రెండోది విప్పుతాడు.

రత్నమాల వేళ్లు వదులవుతాయి. ఇక్కడ ఆగిపోతే చాలు. కాలిపోయినా తన మెడ మీద చెయ్యి వేసుకుని కాలిపోతాడు, తనవాడుగా పోతాడు.

గంగరాజు ఆమె వైపు తిరుగుతాడు. తిన్నగా మొహంలోకి చూస్తాడు. "అమ్మాయ్, వదలకమ్మా. నీ కాళ్లు పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. వదలకు."

ఆమె మళ్లీ బిగిస్తుంది. మూడో ముడి విడిపోతుంది. మెడ చల్లగా అవుతుంది.

నాలుగూ యాభై ఒకటికి అది పిఠాపురంలో ఆమె నాన్నగారి హాలు. పెళ్లిచూపులు. ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని, పెళ్లికూతుర్ని చూడకుండా పైన మోత పెట్టే ఫ్యానునే చూస్తున్నాడు. మొహమాటంగా నవ్వుతున్నాడు. "మీ ఫ్యాను కండెన్సర్ పోయిందండీ, మార్చాలి" అన్న మాట గాల్లో ఉంది. ఆయన ఆమెతో అన్న మొట్టమొదటి మాట. అది మెల్లగా దిగి ఆయన పెదవుల దగ్గర ఆగుతుంది. రత్నమాల దాన్నే చూస్తూ, కళ్లు ఆర్పకుండా చూస్తూ ఉండగా లోపలికి పోతుంది.

కుర్రాడు లేస్తాడు. దారినపోయే మనిషిలా ఆమెని దాటుకుని వెనక్కి నడిచి వెళ్లిపోతాడు.

రత్నమాల చేతుల్లో రెండు తీగలున్నాయి. ఒంట్లో రెండొందల నలభై వోల్టులు ఆడుతున్నాయి. అవతలి కొసన ఎవరున్నారో ఆమెకి తెలియదు. పక్కన భుజం ఆనించి ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు, ఆయన చేతుల్లోనూ అవే తీగలు. పరాయివాడే గనక పక్కన నిలబడటానికి అడ్డేమీ లేదు.

"ఎందుకండీ ఇవి పట్టుకున్నాం?" అని అడుగుతుంది.

"మా తమ్ముడమ్మా" అంటాడు ఆయన. "తమరెవరి తాలూకో."

ఆమె ఆలోచిస్తుంది. ఎవరి తాలూకూ కాదు. లెక్క ఒక్కటి మాత్రం తలలో మిగిలి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు, ఏడాదికి అయిదు నిమిషాలు. ఏడుంపావు. ఏడుంపావుకి ఏమవుతుందో ఆమెకి తెలుసు గానీ, ఎందుకు తెలుసో తెలియదు.

హాలు మళ్లీ సామర్లకోటది అవుతుంది. పైన ఫ్యాను గుయ్‌మంటోంది, తిరగడం లేదు. ఒక ముసలావిడ స్టూలెక్కి దాని రెక్కలకి పాత చీరతో ఉయ్యాల కడుతోంది. ముడి వేసి, గుంజి చూసి, తృప్తిగా తలూపుతుంది. కిందికి వంగి రత్నమాలని చూస్తుంది.

"అమ్మా, నువ్వెవరో గానీ, ఆ తీగలు కాస్త గట్టిగా పట్టుకో తల్లీ. మా అబ్బాయి వస్తన్నాడు. ఇంకెంతసేపు పడుద్దంటావు?"

"చాలా సేపుందండీ" అంటుంది రత్నమాల, తీగలు గుండెలకి అదుముకుని.

ముసలావిడ ఖాళీ ఉయ్యాలని ఒక్క తోపు తోస్తుంది. ఫ్యాను కదలదు. దాని కింద ఇల్లు, ఇంట్లో ముగ్గురూ, బయట స్టేషన్ రోడ్డూ మెల్లగా తిరగడం మొదలుపెడతాయి.